హవ్వ అంటే బతుకు

(విశాఖపట్నంలో పేట సంఘాల కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు విషయం ఏమిటో విని కొంతమంది కార్యకర్తలు ముఖం చిట్లించారు. "కూలి రేట్ల గురించి, ఇళ్ళ పట్టాల గురించి మాట్లాడకుండా ఆదాము, హవ్వల కథేటి? ఇది సంఘమా, సండే స్కూలా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పి తర్వాత కథలోకి పోదాం.

మన పేటల్లో చాలా ఇళ్ళలో బైబిలు ఉంది. చదువు రాని మన అమ్మమ్మలకు కూడా ఆదికాండం కథలు నోటికి వచ్చు. కానీ హవ్వ పేరు మనకు ఎప్పుడు వినబడుతుంది? ఆడదాన్ని తిట్టడానికి వినబడుతుంది. పండు తిన్నది ఆవిడే, మగవాణ్ణి చెడగొట్టింది ఆవిడే, అంచేత ఆడవాళ్ళు నోరు మూసుకుని వెనక కూర్చోవాలి అని చెప్పడానికి వినబడుతుంది. తాగొచ్చి కొట్టిన మొగుడికి కూడా ఆ కథే సాకు. మనం చదవని పుస్తకాన్ని మన మీదకి ఎవరైనా విసరొచ్చు. బాబాసాహెబ్ మనకు నేర్పిన పాఠం ఇదే. 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని కాల్చిన ఉద్యమ నాయకుడు, 1946లో శూద్రులెవరు అనే పుస్తకంలో పురుషసూక్తాన్ని అక్షరం అక్షరం పట్టి విచారించాడు. చదవకుండా వదిలిపెట్టలేదు. మనమూ వదిలిపెట్టకూడదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ పుస్తకం తెలుగులోకి రావడానికి తొలినాళ్ళలో జరిగిన గట్టి ప్రయత్నాల్లో ఒకటి ఈ ఊళ్ళోనే జరిగింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు, జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు, విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకుని అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వాళ్ళకు సాయం చేశాడు. 1809లో ఒకరు, 1810లో ఒకరు ఇద్దరూ చనిపోయారు. వాళ్ళు చేసిన సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. దొర ఉన్నాడు, పండితుడు ఉన్నాడు. మన పేట తల్లిని మాత్రం ఎవరూ పిలిచి "ఈ మాటకి మీ ఇంట్లో ఏమంటారమ్మా" అని అడగలేదు. అది ఈ రోజు మనం అడుగుదాం.

మట్టి పేరు

ముందు ఆదాము. హెబ్రీ భాషలో "ఆదామా" అంటే నేల, మట్టి. మట్టిలోంచి వచ్చినవాడు ఆదాము. అది గొప్ప వంశం పేరు కాదు, బిరుదూ కాదు. "మట్టివాడు" అని పిలిచినట్టు. మన తెలుగులో చెప్పాలంటే మన్నయ్య అనుకోండి.

ఇప్పుడు మరో పుట్టుక కథ పక్కన పెట్టి చూడండి. పురుషసూక్తంలో ఒక మగవాడి నోట్లోంచి బ్రాహ్మడు, చేతుల్లోంచి క్షత్రియుడు, తొడల్లోంచి వైశ్యుడు, పాదాల్లోంచి శూద్రుడు వచ్చారు. పంచముడు పాదాల్లోంచి కూడా రాలేదు, వాడికి అక్కడ చోటే లేదు. అంతకన్నా ముఖ్యం, ఆ పుట్టుకలో తల్లి లేదు. తల్లి లేని పుట్టుకలో ఎక్కువ తక్కువలు పుట్టాయి. మట్టి కథలో ఆ తేడా లేదు. అందరిదీ ఒకే మట్టి. ఆదికాండం అయిదో అధ్యాయం మొదట్లో, స్త్రీని పురుషుణ్ణి చేసి ఇద్దరికీ కలిపి ఆదాము అనే పేరు పెట్టినట్టు ఉంది. అంటే ఆ పేరు మొగుడి ఇంటిపేరు కాదు, ఇద్దరి పేరు. ఈ మాట చర్చీలో ఎన్నిసార్లు విన్నారు? మీరే చెప్పండి.

"ఆది" అనే మాట మనకు కొత్తది కాదు. 1917లో బెజవాడలో మనవాళ్ళు రాష్ట్ర సభ పెట్టుకున్నప్పుడు, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన, మేం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అన్నారు. హెబ్రీ ఆదాముకీ మన ఆదికీ భాషలో చుట్టరికం లేదు. కానీ పనిలో చుట్టరికం ఉంది. ఈ నేలకి మేం మొదటివాళ్ళం, ఈ మట్టి మాది అని చెప్పడమే రెండు పేర్ల పనీ.

పేరు పెట్టేవాడి చెయ్యి

రెండో అధ్యాయంలో ఆదాము జంతువులకి, పక్షులకి పేర్లు పెడతాడు. పేరు పెట్టడం అంటే అధికారం. పేరు పెట్టినవాడు పైన, పెట్టించుకున్నది కింద. ఈ సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మనువు రెండో అధ్యాయంలోనే రాసిపెట్టాడు: బ్రాహ్మడి పేరులో శుభం ఉండాలి, క్షత్రియుడి పేరులో బలం ఉండాలి, వైశ్యుడి పేరులో ధనం ఉండాలి, శూద్రుడి పేరు వింటే అసహ్యం పుట్టాలి. శూద్రుడికే ఆ గతి అయితే మనకేమిటి? మన తాతకి అప్పలస్వామి అని పేరున్నా కామందు నోట్లో అది "ఒరే అప్పిగా" అయింది. డెబ్భై ఏళ్ళ ముసలాయన్ని పదేళ్ళ కుర్రాడు "ఒరే" అన్నాడు. పేరు ఉంది, పిలుపు లేదు.

కానీ మన తల్లులు ఏం చేశారో చూడండి. బిడ్డలు పుట్టి పుట్టి పోతుంటే, ఆఖరి బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి, "ఇది పెంటలో దొరికింది, దీన్ని ఎవరూ ఆశపడరు" అని చావును మోసం చేసి ఎత్తుకున్నారు. ఆ బిడ్డకి పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు. మన ఉత్తరాంధ్రలో పక్కింటామెకి బిడ్డని ఇచ్చి, చేటెడు తవుడుకి మళ్ళీ కొనుక్కున్నారు. ఆ బిడ్డ తవిటయ్య, తవుడమ్మ. చదువుకున్న మన పిల్లలు ఈ పేర్లకి సిగ్గుపడతారు. ఎందుకు సిగ్గు? పైవాడు పెట్టిన హీనమైన పేరు వేరు, బిడ్డను బతికించుకోడానికి తల్లి పన్నిన ఉపాయం వేరు. తవిటయ్య అంటే తల్లి చావుతో బేరమాడి గెలుచుకున్నవాడు అని అర్థం. దీన్ని మనసులో పెట్టుకోండి, ఇప్పుడు హవ్వ దగ్గరికి పోదాం.

శిక్ష తర్వాత వచ్చిన పేరు

ఆమెకు కథలో రెండు పేర్లు వస్తాయి. మొదటిది నారి. హెబ్రీలో "ఈష్" అంటే మగమనిషి, "ఈషా" అంటే ఆడమనిషి. తెలుగు చేసినవాళ్ళు నరుడు, నారి అని చక్కగా కుదిర్చారు. దానికి ముందు ఆమెని సాటి అయిన సహాయం అని చెబుతుంది పుస్తకం. సహాయం అంటే పనిమనిషి అని మగవాళ్ళు అర్థం తీశారు. హెబ్రీలో ఆ మాట "ఏజెర్". కీర్తనల్లో దేవుణ్ణి మాకు సహాయం అని పిలిచే చోట కూడా అదే మాట ఉంది. దేవుడు ఎవరింట్లో పనిమనిషి? సాటి అంటే ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూసేది, సమానమైంది.

రెండో పేరు హవ్వ. ఇది ఎప్పుడు వచ్చింది? తోటలో హాయిగా ఉన్నప్పుడు రాలేదు. తప్పు బయటపడి, తీర్పు చెప్పేశాక వచ్చింది. మగవాడికి చెమట, ఆడదానికి నొప్పి, ఇద్దరికీ చావు, మట్టిలోంచి వచ్చావు మట్టిలో కలుస్తావు అని విన్న వెంటనే, ఆదాము ఆమెకి హవ్వ అని పేరు పెట్టాడు. హవ్వ అంటే బతుకు, జీవం. బతికున్న అందరికీ తల్లి కాబట్టి ఆ పేరు అని పుస్తకమే కారణం చెప్పింది. అప్పటికి ఆమెకు ఒక్క బిడ్డా లేదు! చావు మాట చెవిలో మోగుతుంటే ఆమె ముఖం చూసి "బతుకు" అని పిలిచాడు.

దీనికి రెండు అర్థాలు చెబుతారు. జంతువులకి పెట్టినట్టే ఆమెకీ పేరు పెట్టి ఏలికయ్యాడు అనేది ఒకటి. అందులో నిజం లేకపోలేదు. పెత్తనం మాట వచ్చింది ఆ శిక్షలోనే, సృష్టిలో కాదు. అంటే మగవాడి పెత్తనం పుట్టుకతో వచ్చింది కాదు, పాడైపోయాక వచ్చింది, పాడైంది బాగుచేసుకోవచ్చు. రెండో అర్థం, ఆమె ముందు అతను తలవంచాడు అనేది. మేము రెండూ పట్టుకుంటాం. కానీ ఒక్కటి మాత్రం ఖాయం: ఆమె పేరుకి "పాపం" అని గానీ "మోసం" అని గానీ అర్థం లేదు. పల్పిట్ మీద నుంచి ఆమెను ఏమని తిట్టినా, పుస్తకంలో ఆమె పేరు బతుకు.

మన తల్లులు కూడా ఇదే చేశారు. మనువు అసహ్యమైన పేరు పెట్టమంటే, వాళ్ళు బిడ్డలకి కరుణ, వందనం, సువార్త అని పెట్టుకున్నారు. 1985 జులైలో కారంచేడులో, మంచినీళ్ళ చెరువులోకి పశువుల కుడితి పోస్తుంటే అడ్డం వెళ్ళిన మాదిగ స్త్రీ పేరు మున్నంగి సువార్త. తన మీదకి వచ్చినవాళ్ళ మీదకి బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, ఆరుగురు మాదిగలను చంపారు. చనిపోయినవాళ్ళలో మోషే అనే పేరుంది. ఫరో చేతిలోంచి తల్లి తప్పించిన బిడ్డ పేరు అది. మన తల్లులు ఆశతో పెట్టిన పేర్ల మీద కత్తులు పడ్డాయి. అయినా ఆ బిందె ఎత్తిన చేతిలోంచి ఒక ఉద్యమం పుట్టింది. సువార్త అంటే మంచి కబురు కదా!

రిజిస్టరు తల్లిని ఎలా మింగింది

ఇప్పుడు అసలు సంగతి. హవ్వ పేరు పెట్టించుకుని ఊరుకోలేదు. తనూ పేరు పెట్టింది. కయీను పుట్టినప్పుడు దేవుని సాయంతో సంపాదించుకున్నాను అంది. కయీను అనే పేరు ఆ మాటతో ముడిపడి ఉంది. తర్వాత ఒక కొడుకు ఇంకో కొడుకుని చంపాడు. చంపినవాడికీ తల్లే, చచ్చినవాడికీ తల్లే. ఆ కడుపుకోతలోంచి మళ్ళీ ఒక బిడ్డని కని, చంపబడిన హేబెలుకి బదులు దేవుడు నియమించాడు అని షేతు అనే పేరు పెట్టింది. ఇది నాలుగో అధ్యాయం, తల్లి పెట్టిన పేరు.

పేజీ తిప్పండి. అయిదో అధ్యాయం వంశావళి. అదే షేతు, అదే పేరు. కానీ ఇక్కడ పేరు పెట్టింది ఆదాము అని రాశారు. హవ్వ లేదు. అక్కడి నుంచి వరసగా మగవాళ్ళు "కని", "కని" అని పోతారు. ఎన్ని వందల ఏళ్ళు బతికాడో లెక్క ఉంది, ఎవరి కడుపున పుట్టాడో లెక్క లేదు. కూతుళ్ళు ఉన్నారని ఉంది, వాళ్ళ పేర్లు లేవు. నొప్పులు పడ్డది ఒకరు, "కన్నది" ఇంకొకరు! కథ చెప్పిన చోట తల్లి ఉంది, రిజిస్టరు రాసిన చోట తల్లి మాయమైంది.

ఇది ఒక్కచోట జరిగింది కాదు. హాగరు సంగతి చూడండి. ఐగుప్తు బానిస. యజమానురాలు, యజమాని ఆమెను దాసి అన్నారే తప్ప పేరు పెట్టి పిలవలేదు. గర్భంతో ఎడారిలోకి పారిపోతే, అక్కడ దేవదూత మొదటిసారి "హాగరూ" అని పిలిచాడు. పుట్టే బిడ్డకి ఇష్మాయేలు అని పేరు పెట్టమని ఆమెకే చెప్పాడు. ఆ బానిస తల్లి అక్కడితో ఆగకుండా దేవుడికే పేరు పెట్టింది, నన్ను చూసే దేవుడు అని. కానీ అధ్యాయం చివర బిడ్డకి పేరు పెట్టింది అబ్రాము అని రాశారు. రాహేలు ప్రాణం పోతూ బిడ్డకి బెనోని, నా దుఃఖపు కొడుకు అని పేరు పెడితే, తండ్రి మార్చి బెన్యామీను అన్నాడు. తల్లి ఆఖరి మాట కూడా నిలవలేదు.

మన ఉక్కు నగరానికి మాత్రం ఆ పుస్తకంలో ఒక మంచి పేజీ ఉంది. ఇత్తడి, ఇనుము పనిముట్లు చేసిన మొదటి కమ్మరి తూబల్కయీను. నాలుగో అధ్యాయంలో అతన్ని చెప్పేటప్పుడు సిల్లా కన్నది అని తల్లి పేరు రాశారు. అతని చెల్లెలు నయమా అని ఆడబిడ్డ పేరూ రాశారు. అంటే ఇనుము కరిగించినవాడికి తల్లి పేరు ఉంది!

విశాఖ ఉక్కుకి తల్లులు ఎవరు? 1966 నవంబరు 1న ఈ ఊళ్ళో కాల్పుల్లో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన ఆ ఫ్యాక్టరీ కోసం, 64 గ్రామాల నుంచి పొయ్యిలు, పొలాలు వదిలి లేచిపోయినవాళ్ళు. ఊళ్ళ పేర్లు పోయాయి, సెక్టారు నంబర్లు వచ్చాయి. 1992 ఆగస్టు 1న ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. 2021 జనవరి 27న కేంద్రం దాన్ని పూర్తిగా ప్రైవేటుకి ఇవ్వడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అప్పటి నుంచి రోడ్డెక్కిన ఇళ్ళలో ఆడవాళ్ళు ఉన్నారు. నిర్వాసిత కుటుంబాలవాళ్ళు ఇంటికి వెళ్ళి మీ ఆర్ కార్డు తీసి చూడండి, దాని మీద ఎవరి పేరుందో. పోర్టులో కళాసీగా చేసిన తాత పేరు మీకు తెలుసు. ఆయనకి తెల్లారకముందే గంజి కాచి పంపిన నాయనమ్మ పేరు, ఆవిడ పుట్టింటి పేరు, ఎంతమందికి తెలుసు?

తల్లి అంటే ఎవరు?

ఇక్కడ ఒక జాగ్రత్త. తల్లి తల్లి అని పొగిడి ఆడదాన్ని వంటింట్లో కూర్చోబెట్టే మాట మేము చెప్పడం లేదు. పిల్లలు లేని అక్కని గొడ్రాలు అని తిట్టే నోరు, తల్లిని గౌరవించే నోరు కాదు. బిడ్డ పుట్టకముందే హవ్వకి బతుకు అని పేరు వచ్చింది. అంటే బతికించే ప్రతి మనిషీ ఆ పేరుకి హక్కుదారే. సావిత్రీబాయి ఫూలే బిడ్డని కనలేదు. 1874లో ఒక బ్రాహ్మణ వితంతువు కన్న బిడ్డని తెచ్చి యశ్వంత్ అని పెంచుకుంది. ఆవిడ తల్లి కాదంటామా?

నిర్గమకాండం తెరిస్తే ఫరోకి అక్కడ సొంత పేరే రాయలేదు. కానీ మగబిడ్డల్ని చంపనన్న ఇద్దరు మంత్రసానుల పేర్లు రాశారు, షిఫ్రా, పూయా అని. చాలా ఊళ్ళలో మన పేటల మంత్రసానులే అన్ని కులాల బిడ్డల బొడ్డు కోశారు. పురుడు అయ్యేదాకా చెయ్యి కావాలి. అయ్యాక అదే చెయ్యి తగిలితే మైల. ఊరందరికీ మొదటి స్పర్శ ఇచ్చిన ఆ తల్లుల పేర్లు ఏ గ్రామ చరిత్రలో ఉన్నాయి?

మన మగవాళ్ళకి ఇంకో మాట. పైడితల్లి పేరుతో పైడిరాజు, నూకాలమ్మ పేరుతో నూకరాజు, మరిడమ్మ పేరుతో మరిడయ్య. ఉత్తరాంధ్ర మగవాడు అమ్మతల్లి పేరు మోస్తూ తిరుగుతాడు. గుళ్ళో ఉన్న తల్లి పేరు పెట్టుకోడానికి లేని నామోషీ, ఇంట్లో ఉన్న తల్లి పేరు రాయడానికి ఎందుకు?

ఇది కాగితం గొడవ కాదు

పేరులో ఏముంది అనేవాడికి కడుపు నిండి ఉంటుంది. మనకి పేరులో బడి సీటు ఉంది, హాస్టలు ఉంది, ఉద్యోగం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఈ రాష్ట్రంలో మతం మారిన దళితుడు బి.సి. "సి" గ్రూపులో, ఒక్క శాతంలో ఉన్నాడు. అంచేత బడిలో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు. తల్లి ప్రేమతో పెట్టిన పేరును బిడ్డ ఆఫీసరు ముందు దాచుకోవాలి. బావి దగ్గర కులం అడిగినవాడు మతం చూసి వదిలిపెట్టాడా?

రోహిత్ వేముల సంగతి మరిచిపోకండి. 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో ఆ బిడ్డ ప్రాణం తీసుకున్నాడు. అతని తల్లి రాధిక కుట్టుపని చేసి, మాలల మధ్య బిడ్డల్ని ఒంటిచేత్తో పెంచింది. బిడ్డ పోయాక ఆమెని అడిగిన ప్రశ్న ఏమిటి? తండ్రి కులం ఏమిటి అని! 2024లో పోలీసులు అతను ఎస్.సి. కాదని కేసు మూసే నివేదిక ఇచ్చారు. గొడవ లేచాక మళ్ళీ విచారణ చేస్తామన్నారు. అయిదో అధ్యాయం వంశావళి ఇదే కదా! పెంచిన తల్లి కొట్టివేత, వదిలేసిన తండ్రి రాత.

కానీ చట్టంలో కొంత దారి దొరికింది, అది మన కార్యకర్తలు నేర్చుకోవాలి. 1999లో సుప్రీంకోర్టు తల్లి కూడా బిడ్డకి సహజ సంరక్షకురాలే అంది. కులాంతర పెళ్ళిలో పుట్టిన బిడ్డ తండ్రి కులమే అని గుడ్డిగా తేల్చకూడదనీ, తల్లి దగ్గర ఆమె కులంలో పెరిగి ఆ బాధలు పడ్డానని రుజువు చూపొచ్చనీ 2012లో చెప్పింది. పెళ్ళి కాని తల్లి ప్రమాణపత్రం ఇస్తే తండ్రి పేరు లేకుండానే జనన ధ్రువపత్రం ఇవ్వాలని 2015లో చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన ఒక కేసులో, భర్త చనిపోయిన తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని 2022 జులై 28న తీర్పు ఇచ్చింది. 2016 చివర నుంచి పాస్‌పోర్టుకి తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు. 2018 డిసెంబరు నుంచి, ఒంటరి తల్లి పెంచిన బిడ్డ పాన్ కార్డు దరఖాస్తులో తండ్రి పేరు రాయక్కర్లేదు. ఏ గుమస్తా అయినా "తండ్రి పేరు లేకపోతే కుదరదు" అంటే, ఇవి చెప్పండి. వినకపోతే సంఘం తరపున నలుగురు వెళ్ళండి.

చెయ్యవలసిన పనులు

పెద్ద పెద్ద తీర్మానాలు అక్కర్లేదు. ఇవి చెయ్యండి.

ఒకటి: సంఘం సభ్యత్వ పుస్తకంలో ప్రతి మనిషి పేరు పక్కన తల్లి పేరు రాయండి. ఆడవాళ్ళని ఫలానా వాడి భార్య అని కాకుండా సొంత పేరుతో రాయండి.

రెండు: బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించండి. తల్లి పేరు అక్షరం తప్పు లేకుండా పడిందో లేదో చదివించుకోండి. ఆ ఒక్క అక్షరం తర్వాత పదేళ్ళు తిప్పుతుంది.

మూడు: ప్రతి పేటలో ముసలి తల్లుల దగ్గర కూర్చుని, వాళ్ళ తల్లి పేరు, అమ్మమ్మ పేరు, పోయిన ఊరి పేరు, ఆ ఊరి మంత్రసాని పేరు అడిగి నోటు పుస్తకంలో ఎక్కించండి. వాళ్ళు పోతే ఆ పేర్లు పోతాయి.

నాలుగు: పాస్టరుగారు హవ్వని తిడితే గౌరవంగా లేచి, "అయ్యగారూ, ఆ పేరుకి అర్థం చెప్పండి" అని అడగండి. అర్థం చెప్పాక తిట్టడం కష్టం.

అయిదు: మన ఇంట్లో, మన సభలో, "ఒసే", "అదీ ఇదీ" మాటలు మానండి. కామందు నోట్లో ఒరే తప్పయితే మన నోట్లో ఒసే కూడా తప్పే.

నాలుగో అధ్యాయం రాయడం తల్లులకి వచ్చు. ఇన్నేళ్ళూ అయిదో అధ్యాయం ఇంకెవరో రాశారు. ఇకమీదట కలం మన పేటల్లో ఉంది. ఈ సభ ముగిశాక బల్ల దగ్గర సభ్యత్వ పుస్తకం ఉంటుంది. వరసలో వచ్చి మీ పేరు చెప్పండి, దానికి ముందు మీ అమ్మ పేరు చెప్పండి.

జై భీమ్!